తుపాకి నేరము – శిక్షకు కొలత



నేడు నేను మీతో ప్రస్తావింపదలచిన విషయము న్యాయస్థానమునకు సంబంధించినదే యైనను, వకీళ్లకు మాత్రమే చెందినది కాదు. లైసెన్సు లేని తుపాకి యింటిలో దొరకిన మనుష్యునకు ఎంత శిక్ష విధింపవలెను? విధించిన శిక్ష యధికమని తోచినప్పుడు పైకోర్టు నడుగుటకు అతనికి హక్కు గలదా? ఆ హక్కు ఎప్పుడు పుట్టెను, ఎట్లు పెరిగెను? ఈ ప్రశ్నలకు చరిత్రనుండి సమాధానము వెదకుదము. పోలీసులు ఒక యువకుని తీసికొనిపోయినప్పుడు అతని తల్లిదండ్రులు మొదట వచ్చి నిలుచునది గ్రామపెద్ద వాకిటనే గాని వకీలు గుమ్మము ముందు గాదు. కావున ఈ సంగతులు మీకు తెలిసియుండుట మేలు.

ప్రతి క్రిమినలు కేసునందును రెండు ప్రశ్నలుండును. ముద్దాయి నేరము చేసెనా, లేదా యన్నది మొదటిది. చేసినచో శిక్ష యెంత యన్నది రెండవది. మన జనులు మొదటి ప్రశ్నమీదనే దృష్టి నిలిపి రెండవదానిని మరచుచుందురు. "నేరము రుజువైనది, ఇక చేయునదేమున్నది" అని చేతులు ముడుచుకొందురు. కాని నేరము రుజువైన పిమ్మటకూడ ఒక యేడాదికిని మూడేండ్లకును గల భేదము చిన్నది కాదు. కాపు జైలులో నుండగా రెండు పంటలు పోయినచో భూమి తాకట్టునకు పోవును. మూడేండ్లలో అది చేయిదాటిపోవును. శిక్ష కొలతయందు న్యాయము తప్పినచో, తీర్పు మొదటి భాగము సరియైనను మనుష్యుడు చెడును.

ఈ విషయమును మధిరనుండి చూచుట యుచితమని నా యభిప్రాయము. వైరా నది యొడ్డున, బెజవాడకుపోవు రైలుమార్గముమీద నున్న ఈ యూరు పూర్వము నిజాము రాజ్యపు సరిహద్దు తాలూకాకు కేంద్రము. అప్పుడిది వరంగల్లు జిల్లాలోనిది. 1953 అక్టోబరు 1వ తేదీన ఖమ్మము జిల్లా యేర్పడినప్పుడు అందులో చేరినది. దక్షిణమున కృష్ణాజిల్లా, అనగా ఇంగ్లీషువారి మద్రాసు రాజధాని. తూర్పున అడవులు దాటినచో భద్రాచలము ఏజన్సీ. ఆ భద్రాచల ప్రాంతము 1874లో మధ్యరాష్ట్రములనుండి గోదావరి జిల్లాకు మారెను. 1959లో ఖమ్మము జిల్లాలో కలిసెను. ఇట్లు కొన్ని ఆమడల దూరములోనే మూడు విధములైన పాలనలు నడచినవి. ఒకే రకపు నాటు తుపాకి ఒకచోట ఒక చట్టమునకు, మరియొకచోట మరియొక చట్టమునకు లోబడెడిది. మనుష్యుడు ఏరు దాటినచో అతని నేరమునకు కొలత మారిపోయెడిది.

ఇప్పుడు ఆయుధచట్టము పుట్టుకను చూతము. 1857లో సిపాయిల తిరుగుబాటు ఉత్తర హిందూస్థానమును కుదిపివేసెను. అది యణగిన తరువాత ప్రజలచేత ఆయుధములుండరాదని దొరతనమువారు నిశ్చయించుకొనిరి. 1860లో ఒక చట్టము చేసి, కొన్ని ప్రాంతములలో ఆయుధములను జప్తు చేయించిరి. పిమ్మట లిట్టన్ ప్రభువు రాజప్రతినిధిగా నున్న కాలమున 1878లో ఇండియా ఆయుధచట్టము వెలువడెను. లైసెన్సు లేక తుపాకి యుంచుకొన్నవారికి మూడు సంవత్సరములవరకు ఖైదుగాని, జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చునని ఆ చట్టపు 19వ సెక్షను చెప్పెను. రహస్యముగా దాచినవారికి ఏడు సంవత్సరములవరకు విధింపవచ్చునని 20వ సెక్షను చెప్పెను.

ఆ చట్టములోని ఒక విశేషమును మీరు గమనింపవలెను. శిక్షకు పైహద్దు గలదు గాని క్రిందిహద్దు లేదు. న్యాయాధిపతి తలచినచో కొద్దిపాటి జుల్మానాతోనే ముద్దాయిని వదలిపెట్టవచ్చును. చట్టము కఠినమైనదే, అయినను కొలతగఱ్ఱ మాత్రము న్యాయాధిపతి చేతిలోనే యుంచబడెను. ఇంకొక వైపున ఆ చట్టములో పెద్ద యన్యాయమును గలదు. దాని క్రింద చేసిన నియమములు యూరోపియనులను లైసెన్సు బాధనుండి మినహాయించెను. జాతిభేదముతోగూడిన యీ మినహాయింపు 1920 నాటి నియమములతో తొలగించబడువరకు దేశీయులకు అవమానకరముగానే యుండెను.

చట్టము వెలువడిన మరుసటి సంవత్సరమే, అనగా 1879లో, రంప కొండలలో పితూరీ లేచెను. కల్లుమీద పన్ను, మన్సబుదారుని పీడన, క్రిందియుద్యోగుల లంచగొండితనము దానికి కారణములు. ఆ యేడే యది భద్రాచలము తాలూకాలోని రేకపల్లికి ప్రాకెను. అచ్చట పోడు వ్యవసాయముమీద హెచ్చిన పన్నులు కోయలను, కొండరెడ్లను కలవరపెట్టెను. విల్లమ్ములతో, నాటు తుపాకులతో తిరిగెడి ఆ యడవిబిడ్డలకు తుపాకి యనగా రాజద్రోహపు సాధనము గాదు. పందులనుండి పంటను, పులినుండి పశువును కాపాడుకొను పనిముట్టు. దొరతనము దానిని ఒక విధముగా చూచెను. అడవివాడు మరియొక విధముగా చూచెను. ఈ దృష్టిభేదము నేటికిని పూర్తిగా తొలగిపోలేదు.

1922లో అల్లూరి సీతారామరాజు ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషనులమీద పడి 26 తుపాకులను తీసికొనిపోయెను. 1924 మేనెలలో అతడు కొయ్యూరువద్ద కాల్చివేయబడెను. అతని యనుచరులలో గాము మల్లుదొర దీర్ఘ కారాగారవాసము ననుభవించి, స్వతంత్రభారతమున 1952లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో లోక్‌సభకు సభ్యుడుగా ఎన్నికయ్యెను. శిక్ష ప్రాణము తీయక కాలమునకు పరిమితమైనచో మనుష్యుడు తిరిగివచ్చి లోకమునకు పనికివచ్చుట యెట్లో ఆయన జీవితము చూపుచున్నది.

ఇక అప్పీలు సంగతి. ఇక్కడ మీ కాశ్చర్యము కలిగింపదగిన యొక విషయము చెప్పెదను. శిక్ష యధికమని పైకోర్టునకు మొఱపెట్టుకొను సామాన్యమైన హక్కు ఇంగ్లాండుకంటె ముందుగా మన దేశముననే యేర్పడినది. 1861లో చేయబడిన క్రిమినల్ ప్రొసీజరు కోడ్, మేజిస్ట్రేటులు విధించిన శిక్షలమీద అప్పీలు చేసికొనుటకు దారి చూపినది. ఇంగ్లాండులోనో, జూరీ యెదుట పెద్దనేరమునకు విచారింపబడినవారికి అట్టి హక్కు 1907 నాటి చట్టముతోగాని రాలేదు. అడాల్ఫ్ బెక్ అను నిర్దోషి మరియొకడని పొరబడుటచే రెండుసార్లు శిక్షింపబడిన పిమ్మట ఆ దేశీయులకు కనువిప్పు కలిగి, అప్పీలుకోర్టు నేర్పరచుకొనిరి. అయినను ఆ కోర్టునకు శిక్షను పెంచు నధికారము కూడ నుండెను. 1966లోగాని యది తొలగలేదు. తగ్గింపుమని పోయినవానికి పెంచి పంపుదురేమో యను భయముండెడిదన్నమాట.

మన దేశమున 1898 నాటి కోడ్ రెండు మంచి నియమములు చేసెను. ముద్దాయి తానే చేసిన అప్పీలులో పైకోర్టు శిక్షను మార్చవచ్చును గాని పెంచరాదన్నది మొదటిది. పెంచవలెనన్నచో హైకోర్టు వేరుగా నోటీసు ఇచ్చి, ముద్దాయి చెప్పుకొనుదానిని విని, ఆ తరువాతనే పెంచవలెను. రెండవది 412వ సెక్షను. నేరము నొప్పుకొని శిక్షపడినవాడు "నేను నేరము చేయలేదు" అని మరల అప్పీలు చేయరాదు. కాని శిక్ష యొక్క పరిమాణమునుగూర్చియు, అది చట్టసమ్మతమా కాదా యన్న విషయమునుగూర్చియు అప్పీలు చేయవచ్చును. ఈ నియమము 1973 నాటి కోడ్‌లో 375వ సెక్షనుగా నుండెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 416వ సెక్షనుగా నిలిచియున్నది. నేరమునకును కొలతకును గల భేదమును చట్టమే యింత స్పష్టముగా చూపినది.

ఏజన్సీలోని కథ వేరు. అచ్చట కలెక్టరే గవర్నరు ఏజంటుగా నుండి, పాలనయు న్యాయవిచారణయు తన చేతిలోనే యుంచుకొనెడివాడు. పన్ను వసూలుచేయు చేతిలోనే శిక్ష విధించు కలముకూడ నున్నచో, ఆ శిక్షమీద అప్పీలునకు కొండవాడెంతవరకు సాహసించునో మీరే యూహింపగలరు. హక్కు కాగితముమీద నుండుట వేరు, చేతికందుట వేరు.

నిజాము రాజ్యమున న్యాయస్థానముల భాష ఉర్దూ. అప్పీలును మురాఫా యనెడివారు. హైదరాబాదులో హైకోర్టు, దానిపైన జ్యుడిషియల్ కమిటీ యుండెను. మధిర తాలూకా రైతునకు ఆ భాష యర్థము గాదు, ఆ పట్టణము దూరము. 1946 మొదలు 1951 అక్టోబరువరకు తెలంగాణమున రైతులు ఆయుధములు పట్టిరి. మొదట గుతుపలు, వడిసెలలు. పిమ్మట నాటు తుపాకులు. ఆ తరువాత పోలీసులనుండి, రజాకారులనుండి లాగుకొన్న తుపాకులు. 1948 సెప్టెంబరు 13వ తేదీన భారతసైన్యము ప్రవేశించెను. 17వ తేదీన నిజాము లొంగిపోయెను. రజాకారుల బాధ తొలగినది గాని పోరాటము నిలువలేదు. సైనిక గవర్నరు జె. ఎన్. చౌధురి పాలనలో ప్రత్యేక ట్రిబ్యునళ్లు ఏర్పడెను.

ఆ ట్రిబ్యునళ్ల తీర్పులలో మనకు మిక్కిలి ముఖ్యమైనది పన్నెండుగురు తెలంగాణ రైతుల కేసు. అది తుపాకి కేసు మాత్రమే గాదు, హత్యానేరములకు సంబంధించినది. అయినను శిక్షమీద అప్పీలు హక్కు ఎంత విలువగలదో తెలిసికొనుటకు దానిని మించిన యుదాహరణము మన ప్రాంతమున లేదు. 1949లో ట్రిబ్యునళ్లు వారికి మరణశిక్ష విధించెను. ఆ యేడు డిసెంబరు మాసమున హైదరాబాదు హైకోర్టు ఆ శిక్షలను ఖాయపరచెను. 1950 జనవరి 26వ తేదీన రాజ్యాంగము అమలులోనికి వచ్చెను, సుప్రీంకోర్టు వెలసెను, హైదరాబాదు జ్యుడిషియల్ కమిటీ పోయెను. పాత తలుపు మూసికొన్నది. క్రొత్త తలుపు తెరచుకొన్నది. ఈ పన్నెండుగురు ఆ రెండు తలుపుల నడుమ చిక్కుకొనిరి.

జనార్దనరెడ్డి మొదలగువారికిని హైదరాబాదు రాష్ట్రమునకును నడచిన కేసు అని న్యాయగ్రంథములలో దీనికి పేరు. ఇంగ్లాండునుండి డి. ఎన్. ప్రిట్ అను ప్రసిద్ధ న్యాయవాది వీరి పక్షమున వాదింపవచ్చెను. హైకోర్టు తీర్పు రాజ్యాంగము అమలులోనికి రాకముందే ముగిసినది గనుక, ఆనాటి హైదరాబాదు కోర్టు భారతదేశ భూభాగములోని కోర్టు కాదు గనుక, దానిమీద అప్పీలు వినుటకు తమకు అధికారము లేదని సుప్రీంకోర్టు నిర్ణయించెను. విచారణ సక్రమముగా జరుగలేదు గనుక ఖైదు చెల్లదని వేసిన మరియొక పిటిషనునుకూడ 1951 మార్చిలో త్రోసిపుచ్చెను. కోర్టుల దారి ముగిసినది. కాని ఆ నడుమ గడచిన కాలములో దేశమునందును విదేశములందును ప్రజాభిప్రాయము మేల్కొనెను. తుదకు ఆ శిక్షలు యావజ్జీవ ఖైదుగా మార్చబడినవి. పన్నెండుగురిలో ఎవ్వరును ఉరికంబ మెక్కలేదు. వారిలో నల్లా నరసింహులు చెరనుండి వెలువడి తన యనుభవములను గ్రంథముగా వ్రాసికొనెను.

దీనినుండి మనము గ్రహింపవలసినది రెండు సంగతులు. అప్పీలునకు తేదీ ప్రాణమువంటిది; కొన్ని వారముల తేడాలో తలుపు మూసికొనవచ్చును. అయినను అప్పీలు ఓడినప్పుడుకూడ అది కాలమును సంపాదించి పెట్టును. ఆ కాలమే కొన్నిసార్లు ప్రాణమును నిలుపును.

స్వతంత్రభారతమున ఆయుధములనుగూర్చి పెద్దచర్చ జరిగెను. 1931లో కరాచీ కాంగ్రెసు ఆమోదించిన హక్కుల తీర్మానములో, నియమములకు లోబడి ఆయుధము ధరించుటకూడ పౌరుని హక్కుగా చేర్చబడియుండెను. 1948 డిసెంబరులో రాజ్యాంగపరిషత్తునందు హెచ్. వి. కామత్ ఆ హక్కును రాజ్యాంగములో చేర్పవలెనని సవరణము ప్రతిపాదించెను. పరిషత్తు దాని నంగీకరింపలేదు. దేశవిభజన నాటి రక్తపాతము సభ్యుల కన్నులయెదుట నుండెను. కావున తుపాకి మన దేశమున హక్కు గాదు, లైసెన్సు వలన వచ్చు నొక సదుపాయము.

1878 నాటి చట్టము స్థానమున 1959లో క్రొత్త ఆయుధచట్టము వచ్చెను. అందు గ్రామీణులు తెలిసికొనవలసిన మంచి నియమ మొకటి గలదు. పంట రక్షణకొరకు నిజముగా అవసరమైనప్పుడు, మందు దట్టించి పేల్చెడి నాటు తుపాకికి లైసెన్సు ఇచ్చు విషయమును 13వ సెక్షను ప్రత్యేకముగా పేర్కొన్నది. పందులు చేలమీద పడుచున్నవని దాచిన తుపాకితో తిరుగుటకంటె దరఖాస్తు పెట్టుట మేలు. 39వ సెక్షను ప్రకారము లైసెన్సు లేని తుపాకి కేసు నడపుటకు జిల్లా మేజిస్ట్రేటు యొక్క పూర్వానుమతి యుండితీరవలెను. ఆ యనుమతి లేక నడచిన కేసునందు శిక్షపడినచో, అదియే యప్పీలునకు బలమైన ఆధారమగును.

శిక్ష కొలత మాత్రము క్రమక్రమముగా బిగిసినది. 1983లోని సవరణము లైసెన్సు లేని సామాన్యమైన తుపాకికి ఒక సంవత్సరమునకు తక్కువ కాకుండ, మూడు సంవత్సరములవరకు ఖైదు విధింపవలెనని క్రిందిహద్దు పెట్టెను. 2019 డిసెంబరు 14వ తేదీనుండి అమలులోనికి వచ్చిన సవరణము దానిని రెండు సంవత్సరములకు తక్కువకాకుండ, అయిదు సంవత్సరములవరకు పెంచెను. నిషిద్ధ ఆయుధములకు అయిదు మొదలు పదివరకు నుండినది ఏడు మొదలు పదునాలుగు సంవత్సరములవర కయ్యెను. ఇంగ్లీషువారి చట్టములో లేని క్రిందిహద్దు మన చట్టములో వచ్చినదన్నమాట. దీనికి కారణము లేకపోలేదు. ఉగ్రవాదము, ముఠాల హత్యలు, దొంగచాటు ఆయుధవ్యాపారము పెరిగినవి. కాని వల పెద్దచేపకొరకు వేసినను చిన్నచేపయు దానిలో పడును.

అయితే చట్టము చిన్నచేపకొక కన్నము విడిచినది. సామాన్యమైన తుపాకి విషయమున, తగినట్టియు ప్రత్యేకమైనట్టియు కారణములను తీర్పులో వ్రాసి, న్యాయాధిపతి క్రిందిహద్దుకంటెను తక్కువ శిక్ష విధింపవచ్చును. ఆ కారణములు ఆకాశమునుండి ఊడిపడవు. ముద్దాయి వయస్సు, పూర్వపు నడవడి, తుపాకి యెందుకుంచుకొనెను, అది పనిచేయు స్థితిలో నున్నదా, దానివలన ఎవరికైన హాని కలిగెనా, ఇంటిలో అతనిమీద ఆధారపడినవారెందరు, ఈ సంగతులు కోర్టు ముందర పెట్టబడవలెను. 1973 కోడ్ మొదలు, మేజిస్ట్రేటుకోర్టులో వారంటు కేసునందైనను సెషన్సుకోర్టులోనైనను, నేరము రుజువైన పిమ్మట శిక్షనుగూర్చి ముద్దాయి చెప్పుకొనుటకు కోర్టు అవకాశమియ్యవలెను. ఆ సమయమున ముద్దాయి మౌనముగా నిలిచినచో రికార్డులో ఏమియు నుండదు. ఏమియు లేని రికార్డుమీద పైకోర్టు ఏమి తగ్గించును?

ఈ కొలతనుగూర్చి దేశమంతయు చెప్పుకొన్న కేసు హిందీ చలనచిత్రనటుడు సంజయ్ దత్ కేసు. 1993లో బొంబాయి నగరమున వరుస బాంబు ప్రేలుళ్లు జరిగెను. ఆ కేసు దర్యాప్తులో ఆయన ఏ.కె. 56 రైఫిలును, ఒక పిస్తోలును అక్రమముగా నుంచుకొన్నట్లు తేలెను. ప్రత్యేక న్యాయస్థానము 2006లో ఆయనను ఉగ్రవాద నేరమునుండి విడిచి, ఆయుధచట్టము క్రింద మాత్రము దోషిగా తీర్మానించి, 2007 జూలై 31వ తేదీన ఆరు సంవత్సరముల కఠినశిక్ష విధించెను. ఆయన సుప్రీంకోర్టునకు అప్పీలు చేసెను. 2013 మార్చి 21వ తేదీన న్యాయమూర్తులు పి. సదాశివం, బి. ఎస్. చౌహాన్ గారలు నేరనిర్ణయమును నిలిపి, శిక్షను అయిదు సంవత్సరములకు తగ్గించిరి. మంచి నడవడి పూచీమీద జైలులేకుండ విడువవలెనన్న కోరికను మాత్రము నిరాకరించిరి.

ఆరు అయిదు కావడమే గాని నాలుగు ఎందుకు కాలేదు? నిషిద్ధ ఆయుధమునకు ఆనాటి చట్టములో క్రిందిహద్దు అయిదు సంవత్సరములు. అప్పీలుకోర్టు ఆ గోడవరకు వచ్చి ఆగినది. విచారణకాలములో ఆయన గడపిన పదునెనిమిది నెలలు అందులోనుండి తీసివేయబడెను. తక్కినది ఎరవాడ జైలులో గడపి 2016 ఫిబ్రవరి 25వ తేదీన విడుదలయ్యెను. ధనము, కీర్తి, పెద్ద వకీళ్లు గల మనుష్యునకు అప్పీలు వలన లభించినది ఒక్క సంవత్సరము. ఆ యొక్క సంవత్సరమును మన యూరి పేదవాడును అడుగవచ్చును. చట్టము ఇరువురికిని ఒక్కటే. భేదమెల్ల అడుగుట తెలియుటలోను, గడువులోపల నడుగుటలోను నున్నది.

గోడయే అన్యాయమైనదైనచో? అప్పుడు కోర్టు గోడనుకూడ పడగొట్టగలదు. ఆయుధచట్టపు 27వ సెక్షను మూడవ భాగము, నిషిద్ధ ఆయుధమును వాడుటవలన ఎవరైన మరణించినచో తప్పక మరణశిక్షయే విధింపవలెనని 1988లో చెప్పెను. న్యాయాధిపతి చేతినుండి కొలతగఱ్ఱను పూర్తిగా లాగుకొన్న నియమమది. 2012 ఫిబ్రవరిలో, పంజాబు రాష్ట్రమునకును దల్బీర్ సింగునకును నడచిన కేసులో, అది రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు కొట్టివేసెను. నేరపు పరిస్థితులనుగాని, నేరస్థుని స్థితినిగాని చూడక ఒక్కటే శిక్ష విధించుట న్యాయము గాదని దాని సారాంశము.

ఇంతవరకు చరిత్ర. ఇక ఈ చరిత్రనుండి మీ చేతికి రావలసిన కొన్ని సంగతులు చెప్పి ముగించెదను.

మొదటిది గడువు. మేజిస్ట్రేటుకోర్టు శిక్షమీద సెషన్సుకోర్టునకు 30 దినములలో, సెషన్సుకోర్టు శిక్షమీద హైకోర్టునకు 60 దినములలో అప్పీలు చేయవలెను. తీర్పు నకలు తెచ్చుకొనుటకు పట్టిన కాలము ఆ లెక్కలో చేరదు. జైలుశిక్ష పడినవానికి తీర్పు నకలు వెంటనే, ఉచితముగా ఇయ్యవలెనని చట్టము. దానికి రుసుము చెల్లింపనక్కరలేదు. గడువు దాటినను తగిన కారణము చూపినచో కోర్టు ఆలస్యమును మన్నింపవచ్చును. కాని దానిని నమ్ముకొని కూర్చుండరాదు.

రెండవది, జైలులో నున్నవాడు వకీలు దొరకలేదని నిరాశ పడనక్కరలేదు. తన అప్పీలు కాగితమును జైలు అధికారి చేతికిచ్చినచో ఆయన దానిని కోర్టునకు పంపవలెను. ఇది 1898 కోడ్‌నుండియు నున్న మర్యాద. 1987 నాటి న్యాయసేవాధికార చట్టము ప్రకారము, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, స్త్రీలకు, నిర్బంధములో నున్నవారికి ప్రభుత్వమే వకీలునిచ్చును. వారి యాదాయముతో పనిలేదు. భద్రాచలము అడవులలోని కోయ యువకునకు ఈ చట్టము ఎంత యవసరమో చెప్పనక్కరలేదు.

మూడవది జామీను. విచారణకాలములో జామీనుమీద నున్నవానికి మూడు సంవత్సరములు మించని శిక్ష పడినప్పుడు, అప్పీలు చేయుదునని చెప్పినచో, విశేషకారణము లేనిచో, శిక్ష విధించిన కోర్టే అప్పీలునకు వలసిన కాలముమట్టుకు జామీను ఇయ్యవలెను. అప్పీలు తీరువరకు శిక్షను నిలుపు అధికారము పైకోర్టునకు గలదు. విచారణకాలమున జైలులో గడపిన దినములు శిక్షలో తరుగును. ఆ లెక్క తీర్పులో సరిగా వ్రాయబడెనా లేదా యని చూచుకొనవలెను.

నాలుగవది తేదీ. నేరము జరిగిన నాటి చట్టములో నున్న శిక్షకంటె నెక్కువ శిక్ష విధింపరాదని రాజ్యాంగపు 20వ అధికరణము శాసించుచున్నది. కాబట్టి తుపాకి పట్టుబడిన దినము 2019 డిసెంబరు 14వ తేదీకి ముందుదా, వెనుకటిదా యన్నది పరీక్షింపవలెను. ఒక యేడాది ఖైదు చాలినచోట రెండేండ్లు పడియుండవచ్చును.

అయిదవది, నేరము నొప్పుకొనుమని తొందరపెట్టు మాటలను విననీయకుడు. "ఒప్పుకో, జుల్మానాతో పోవును" అని చెప్పువారుందురు. క్రిందిహద్దు గల నేరమున అట్లు పోదు. నిజముగా చేసినవాడు ఒప్పుకొనుట మంచిదే. అయితే వకీలుతో మాటలాడి, పడబోవు శిక్ష యెంతయో తెలిసికొని ఒప్పుకొనవలెను. ఒప్పుకొన్న పిమ్మటకూడ, మేజిస్ట్రేటు తేలికకేసుగా విధించిన కొద్దిపాటి శిక్షలకు తప్ప, కొలతమీద అప్పీలు చేయు హక్కు మిగిలియుండునని మరువకుడు.

అక్రమముగా తుపాకి నుంచుకొనుటను నేను సమర్థించుచున్నానని ఎవ్వరును తలపరాదు. పందికని పెట్టిన తుపాకి ఒకనాడు పొరుగువాని ప్రాణము తీయును. త్రాగినవాని చేతిలో నది యింటివారినే కాల్చును. నేరమునకు శిక్ష యుండవలసినదే. కాని తూకము తప్పిన త్రాసు గింజలమ్మువానికెంత దోషమో, కొలత తప్పిన శిక్ష రాజ్యమునకును అంత దోషమే. గ్రామములో తగవు తీర్చునప్పుడు మీరు తప్పు యెవరిదో తేల్చుటతో నాగరు. జరిమానా యెంతయన్నదియు వాని స్థితిని చూచి నిర్ణయింతురు. అదియే విచక్షణ న్యాయస్థానమునందును నిలువవలెనన్నచో, అడుగవలసినవారు అడుగవలెను. మీ యూరిలో ఎవనికైన ఇట్టి శిక్ష పడినచో, ఆ రాత్రియే తీర్పు నకలునకును, మరునాడు న్యాయసేవాధికార సంస్థకును దారి చూపుడు. ముప్పది దినములు శీఘ్రముగా గడచిపోవును.